బేస్ గిటారు ఏమైపోయింది?

తెరమీద హీరో పేరు పడగానే ఈల వేస్తాం. సంగీత దర్శకుడి పేరుకి చప్పట్లు కొడతాం. 'శబ్దగ్రహణం' అన్న అక్షరాలు పడేసరికి మన దృష్టి పాప్‌కార్న్ పొట్లం మీదికి పోతుంది! కాని పాటలో గొంతు ఎంత ముందుకు రావాలి, డ్రమ్ము ఎంత గట్టిగా మోగాలి, గిటారు ఏ చెవిలో పలకాలి అని తేల్చేది మిక్సింగ్ చేసే మనిషే. అందులోనూ రాక్, మెటల్ పాటలంటే కత్తిమీద సామే. అక్కడ వాయిద్యాలన్నీ ఒకేసారి అరుస్తుంటాయి మరి!

ఈ విద్య పుస్తకం చదివితే వచ్చేది కాదు. నలుగురికీ వినిపించి, నాలుగు మాటలు పడి నేర్చుకోవలసిందే. అయితే ఆ మాటలు ఎవరివి? కిటుకంతా అక్కడే ఉంది. దానికి మెటాలికా కథే మంచి సాక్ష్యం.

1986 సెప్టెంబరులో స్వీడన్‌లో జరిగిన బస్సు ప్రమాదంలో ఆ అమెరికన్ బృందం తన బేస్ గిటారిస్టు క్లిఫ్ బర్టన్‌ని పోగొట్టుకుంది. ఆ స్థానంలోకి జేసన్ న్యూస్టెడ్ వచ్చాడు. 1988లో '...అండ్ జస్టిస్ ఫర్ ఆల్' ఆల్బం వెలువడింది. పాటలు అదిరిపోయాయి. కాని బేస్ మాత్రం భూతద్దం పెట్టి వెతికినా దొరకదు! పాపం, కొత్తగా వచ్చినవాడు వాయించిందంతా ఏమైపోయినట్టు?

ఆ ఆల్బంని మిక్స్ చేసింది స్టీవ్ థాంప్సన్, మైఖేల్ బార్బియెరో. బేస్ తగ్గించమనీ, తగ్గించాక ఇంకా తగ్గించమనీ డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ కోరాడని థాంప్సన్ చాలా ఏళ్ళ తర్వాత చెప్పాడు. కచేరీల హోరుకి అప్పట్లో తమ చెవులు దెబ్బతిని ఉన్నాయని గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ అన్నాడు. పైగా చాలాచోట్ల బేస్, గిటారు ఒకే వరసని వాయించాయి. ఒకే చోట ఇద్దరు నిలబడితే ఒకరు కనబడరు కదా! 1991లో బాబ్ రాక్ నిర్మాతగా చేసిన తర్వాతి ఆల్బంలో బేస్ నిండుగా పలికింది.

అంటే సలహా లేక కాదు, అలసిన చెవులతో, తన వాయిద్యం మీద మమకారంతో ఇచ్చిన సలహా వల్ల వచ్చిన తంటా అది.

ఇదే నాటకం చిన్న ఎత్తున హైదరాబాదులో నా కళ్ళతో చూశాను. నలుగురు కుర్రాళ్ళ రాక్ బృందం. వాళ్ళ స్నేహితుడొకడు ఇంట్లోనే కంప్యూటరు మీద మిక్సింగ్ నేర్చుకుంటున్నాడు. మొదటి మిక్స్ వినగానే గిటారిస్టు "గిటారు పెంచు" అన్నాడు. గాయకుడు "నా గొంతేదీ?" అన్నాడు. డ్రమ్మరు సరేసరి! మొహమాటానికి పోయి ఇతగాడు అన్నీ పెంచాడు. అన్నీ పెంచితే ఏదీ పెరగదు. పాట కాస్తా ముద్దయిపోయింది.

బేస్ వాయించే అబ్బాయి మాత్రం అంతసేపూ నోరు విప్పలేదు. చివరికి అన్నాడు: "రేపు మా అమ్మకి వినిపిస్తే, ఇందులో నువ్వెక్కడున్నావురా అని అడుగుతుంది. ఏం చెప్పమంటావ్?" గదిలో ఎవరూ మాట్లాడలేదు. బృందం అక్కడే విడిపోతుందేమో అనిపించింది నాకు.

మర్నాడు మిక్సింగ్ కుర్రాడు ఆ పాటని వాళ్ళక్కకి వినిపించాడు. ఆవిడకి రాక్ సంగీతం తెలీదు. విని, "బాగానే ఉందిరా. కాని అందరూ దుప్పటి కప్పుకుని వాయిస్తున్నట్టుంది!" అంది.

ఆ ఒక్కమాట దారి చూపించింది. దుప్పటి కప్పినట్టుందీ అంటే సాధారణంగా 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య శబ్దాలు పేరుకుపోయాయని అర్థం. మామూలు శ్రుతిలో గిటారు అడుగు తీగ సుమారు 82 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది, బేస్ అడుగు తీగ 41 దగ్గర. గిటారులో 80కి దిగువన ఉండేది చాలావరకు వట్టి గురగురే. దాన్ని కోసేసి, ఆ ముద్దని కొంచెం తగ్గించాడు. బేస్‌లో 700 నుంచి 1000 మధ్య వినిపించే తీగ మీటుడుని కాస్త పైకి తెచ్చాడు. బేస్ శబ్దం పెంచే మీట మాత్రం ముట్టుకోలేదు. అయినా బేస్ లేచి నిలబడింది! గిటారిస్టు కూడా తన గిటారు పదునెక్కిందన్నాడు.

చూశారా! నొప్పి ఎక్కడో చెప్పేవాడు రోగి, మందుచీటీ రాసేవాడు డాక్టరు. "గిటారు పెంచు" అన్నది మందుచీటీ. "దుప్పటి కప్పినట్టుంది" అన్నది నొప్పి. మిక్సింగ్ నేర్చుకునేవాడికి కావలసింది నొప్పి సంగతే. అందుకే "బాగుందా?" అని అడక్కండి. స్నేహితులెవరూ బాగాలేదనరు. "ఏ మాట అర్థం కాలేదు? ఎక్కడ చెవి నొచ్చింది?" అని అడగండి. ఒక్కరంటే రాసి పెట్టుకోండి. సంబంధం లేని ముగ్గురు ఒకేచోట వేలు పెడితే అక్కడ పని చేయండి.

మరో మాట. శబ్దం పెంచితే ఏ మిక్సయినా బాగున్నట్టే ఉంటుంది. హెచ్చు శబ్దంలో మన చెవికి బేస్ ఎక్కువ వినబడుతుంది, తగ్గిస్తే అదే ముందు మాయమవుతుంది. 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని కొలిచి చూపించారు. కాబట్టి పాత మిక్స్, కొత్త మిక్స్ రెండూ ఒకే స్థాయిలో పెట్టి పోల్చండి. హెడ్‌ఫోన్‌లోనూ, ఫోన్‌లోనూ, కారులోనూ వినండి. మధ్యలో చెవులకి విశ్రాంతి ఇవ్వండి.

మెటాలికా అభిమానులు ఊరుకున్నారనుకుంటున్నారా? బేస్ వినబడేలా తామే మిక్స్ చేసుకుని, 'అండ్ జస్టిస్ ఫర్ జేసన్' అని పేరుపెట్టి పంచుకున్నారు. 2018లో ఆ ఆల్బంని మెరుగుపరిచి మళ్ళీ విడుదల చేసినప్పుడు కూడా బృందం బేస్‌ని పెంచలేదు. జనం తీర్పు వచ్చింది గాని, రికార్డు విడుదలైపోయాక వచ్చింది!

మీలో ఎవరైనా పాట మిక్స్ చేస్తుంటే, విడుదలకి ముందే ఆ తీర్పు తెప్పించుకోండి. మీ బృందంలో నోరు విప్పని ఆ ఒక్కణ్ణి ముందుగా అడగండి.