సండే స్కూల్లో కూలీల చరిత్ర

వేసవిలో మన సంఘాలలో వి.బి.ఎస్. తరగతులు జరుగుతాయి. మే 1 కూడా ఆ సెలవుల్లోనే వస్తుంది. ఆ రోజుకు అంత ప్రత్యేకత ఏమిటని పిల్లలు అడిగితే, "అది యూనియన్ల సంగతి, మనకెందుకు?" అనే పెద్దలున్నారు. ఆ మాట చరిత్రకు నిలవదని మా అభిప్రాయం.

ఇంగ్లండులోని డోర్సెట్ ప్రాంతంలో టాల్‌పడిల్ అనే పల్లె ఉంది. 1830ల ఆరంభంలో అక్కడ వ్యవసాయ కూలీకి వారానికి 9 షిల్లింగులు వచ్చేవి. రైతాసాములు దాన్ని 8కి, తర్వాత 7కి తగ్గించి, ఇక 6 మాత్రమే ఇస్తామన్నారు. అప్పుడు జార్జి లవ్‌లెస్ తోటివారిని కూడగట్టి 1833లో కూలీల సంఘం పెట్టాడు. ఆయన వారమంతా పొలంలో కూలి, ఆదివారం మెతడిస్టు ప్రసంగికుడు.

సంఘం పెట్టుకోవడం అప్పటికి నేరం కాదు. అందుకని రహస్య ప్రమాణం చేయించారంటూ, నావికుల తిరుగుబాటు రోజుల్లో వచ్చిన 1797 చట్టం కింద కేసు పెట్టారు. 1834 మార్చిలో ఆరుగురికి ఏడేళ్ల ద్వీపాంతర శిక్ష వేసి ఆస్ట్రేలియాకు పంపారు. వారిలో ఎక్కువమంది మెతడిస్టులే. లండనులో వేలాదిమంది ఊరేగారు, విన్నపాలు వెళ్లాయి. 1836లో క్షమాభిక్ష వచ్చింది.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. కూలి గురించి యజమానులు ఇచ్చిన మాటకు సాక్షిగా ఉన్న ఊరి పాదిరి, తర్వాత ఆ మాటే లేదన్నాడని లవ్‌లెస్ రాశాడు. అంటే విశ్వాసులు రెండు వైపులా ఉన్నారు.

చిన్నపిల్లలకు నిర్గమకాండము 5వ అధ్యాయంతో మొదలుపెట్టవచ్చు. గడ్డి ఇవ్వకుండా ఇటుకల లెక్క తగ్గకూడదన్న ఫరో వారికి వెంటనే అర్థమవుతాడు. యౌవనులతో ద్వితీయోపదేశకాండము 24:14-15, యాకోబు 5:4 చదివించి టాల్‌పడిల్ కథ చెప్పండి. 1923లో మద్రాసు సముద్రతీరాన సింగారవేలు మన దేశంలో తొలి మేడే జరిపిన సంగతీ చెప్పండి. తర్వాత ఇంటికి వెళ్లి అమ్మానాన్నల పని గంటలు, కూలి అడిగి రమ్మనండి. మన సంఘాలలో చాలా ఇళ్లు కూలి మీదే గడుస్తున్నాయి. ఆ పిల్లలు తమ తల్లిదండ్రుల కష్టాన్ని చిన్నతనంగా కాక, దేవుడు లెక్కపెట్టేదిగా చూడడం నేర్చుకోవాలి.

పాఠం అయ్యాక ఏ పిల్లవాడైనా లేచి, "మన గుడి ఊడ్చే అక్కకు నెలకు ఎంత ఇస్తున్నాం?" అని అడగవచ్చు. కమిటీ పెద్దలు, కాపరులమైన మేము, ఆ ప్రశ్నకు ముందే జవాబు సిద్ధం చేసుకోవాలి. జీతం చాలకపోతే మే నెల నుండే సరిచేద్దాం.