ఊళ్ళు మారినా పింఛను ఒక్కటే

ఒకే యాజమాన్యం కింద చేరి, అక్కడే పదవీ విరమణ చేసే రోజులు తగ్గిపోయాయి. శ్రీకాకుళం జిల్లా యువకుడు విశాఖపట్నంలో పని నేర్చుకుని, ఆపైన సూరత్‌లోను, చెన్నైలోను ఉద్యోగం చేయటం నేడు సాధారణ విషయమే. అయితే ప్రతి చోటా అతని పేర జమ అయిన ప్రావిడెంట్ ఫండు ఏమి కావాలి? పాత ఖాతాలను కొత్తదానిలో కలుపుకోవటం మేలా, సొమ్ము తీసుకోవటం మేలా?

ముందుగా ఇందులోని రెండు భాగాలను వేరుచేసి చూడాలి. సాధారణంగా ఉద్యోగి మూలవేతనం, కరువు భత్యాలపై 12 శాతం చెల్లిస్తాడు. యాజమాన్యమూ అంతే చెల్లిస్తుంది. యాజమాన్యపు వాటాలో 8.33 శాతం పింఛను నిధికి, తక్కినది ఉద్యోగి వాటాతోపాటు భవిష్యనిధికి చేరుతుంది. పింఛను చందా లెక్కకు 2014 సెప్టెంబరు 1 నుంచి నెలకు 15,000 రూపాయల వేతన పరిమితి విధించారు.

భవిష్యనిధి ఉద్యోగి పేర వడ్డీతో పెరిగే సొమ్ము. పింఛను నిధి సభ్యులందరి ఉమ్మడి నిధి. 1995 నవంబరు 16న అమలులోకి వచ్చిన ఉద్యోగుల పింఛను పథకంలో పింఛనును నిర్ణయించేవి సర్వీసు కాలం, వేతనం. కనుక ఖాతా మారినప్పుడు భవిష్యనిధి సొమ్ము బదిలీ అవుతుంది. పింఛను వైపు బదిలీ అయ్యేది సర్వీసు కాలమే. కొత్త పాసుపుస్తకంలో పాత పింఛను చందా కనిపించకపోయినా ఆందోళన చెందనవసరం లేదు.

అసలు కీలకం పదేళ్ళ నిబంధనలో ఉన్నది. 58వ ఏట నెలనెలా పింఛను రావాలంటే పదేళ్ళ సర్వీసు ఉండాలి. మన యువకుడు విశాఖలో 4, సూరత్‌లో 3, చెన్నైలో 5 సంవత్సరాలు పనిచేశాడనుకుందాం. విడివిడిగా ఏ ఒక్కటీ చాలదు. కలిపితే 12 సంవత్సరాలు. చివరి 60 నెలల సగటు పింఛను వేతనం 15,000 రూపాయలైతే, దానిని 12తో గుణించి 70తో భాగించగా నెలకు సుమారు 2,571 రూపాయలు వస్తుంది. ఇది పెద్ద మొత్తం కాకపోవచ్చు. కాని జీవితాంతం అందేది. తదనంతరం జీవిత భాగస్వామికి కూడా కొంత ఆసరా. చెల్లెలి పెళ్ళికని మొదటి రెండు చోట్ల పింఛను సొమ్ము తీసుకుని ఉంటే ఆ 7 సంవత్సరాలు లెక్కనుండి తొలగిపోయేవి.

భవిష్యనిధి విషయంలోనూ బదిలీ వల్ల లాభమున్నది. ఐదేళ్ళ నిరంతర సర్వీసు నిండకముందే సొమ్ము తీసుకుంటే ఆదాయపు పన్ను పడవచ్చు. ఖాతా బదిలీ చేసుకున్నవారికి పాత యాజమాన్యం కింది సర్వీసు కూడా ఈ లెక్కలో కలుస్తుంది.

అందరికీ ఒకటే సలహా వర్తించదు. సర్వీసు పదేళ్ళలోపు ఉండి, ఇకపై ఈ పథకం వర్తించే ఉద్యోగంలో చేరే ఉద్దేశమే లేనివారు సొమ్ము తీసుకోవటం సమంజసమే. మళ్ళీ చేరే అవకాశమున్నవారు స్కీము సర్టిఫికెట్టు పొంది పాత సర్వీసును కాపాడుకోవచ్చు.

2014లో ప్రవేశపెట్టిన యూనివర్సల్ ఖాతా సంఖ్య ఉద్యోగి ఏ రాష్ట్రానికి వెళ్ళినా మారదు. సంఖ్య ఒక్కటైనంత మాత్రాన పాత ఖాతాలన్నీ కలిసిపోయాయని భావించరాదు. పాసుపుస్తకం చూసి నిర్ధారించుకోవాలి. పేరు, పుట్టిన తేదీ అన్ని చోట్లా ఒకే విధంగా ఉన్నవా, పాత యాజమాన్యం ఉద్యోగం విడిచిన తేదీని నమోదు చేసిందా అని ఉద్యోగంలో ఉండగానే సరిచూసుకోవటం మంచిది. ముప్పై ఏళ్ళ తరువాత మూతపడిన కర్మాగారం గుమస్తాను వెదకటం ఎవరికీ సాధ్యం కాదు.