గాజు తొట్టెలో సముద్రం

ఎచ్చెర్ల మండలపు బుడగట్లపాలెం ఒడ్డున పట్టిన చిన్న పీతను సముద్రపు నీటితోనే సీసాలో ఉంచినా, అది ఎన్నాళ్లో బ్రతకదు. ఉప్పునీరే కదా, మరి లోపమెక్కడ? ఇటువంటి ప్రశ్నతోనే ఉప్పునీటి అక్వేరియం పుట్టింది.

ఫిలిప్ హెన్రీ గాస్ (1810-1888) ఇంగ్లండులో పూల్ అనే రేవుపట్టణంలో పెరిగాడు. జంతువులను పరిశీలించడం, వాటి బొమ్మలు గీయడం అతనికి నేర్పినది మేనత్త సుసాన్ బెల్. పదిహేడవ యేట గుమాస్తాగా న్యూఫౌండ్లండు వెళ్లినా ఆ ఆసక్తి పోలేదు. అక్కడ పురుగులను పరిశీలించాడు. 1852లో అనారోగ్యం వలన డెవన్ తీరానికి చేరగా, రాళ్లమడుగులలోని జీవులు అతనిని కట్టిపడేశాయి.

అంతకు కొద్దికాలం ముందే రాబర్ట్ వారింగ్టన్ మంచినీటి తొట్టెలో చేపలను, మొక్కలను కలిపి పెంచాడు. గాస్ సముద్రపు నాచుతో అదే పని చేశాడు. జంతువులు విడిచే బొగ్గుపులుసు గాలిని నాచు వెలుతురులో గ్రహించి ప్రాణవాయువు నిస్తుంది. అయితే కథ అంతటితో తీరదు. జంతువుల విసర్జనలనుండి పుట్టే అమ్మోనియా విషం. దానిని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు కొత్త తొట్టెలో పెరగడానికి వారాలు పడుతుంది. సీసాలోని పీతకు ఆ వ్యవధి ఎక్కడిది?

1853లో లండను జంతుప్రదర్శనశాలలో అక్వేరియం వెలిసింది. మరుసటి యేట గాస్ గ్రంథం వెలువడింది. సముద్రానికి దూరాన ఉన్నవారికోసం లవణాలు కలిపి కృత్రిమ సముద్రజలమూ చేశాడు. ఇక అక్వేరియం ఇంటింటి వేడుకైంది. జనం మడుగులను ఊడ్చివేశారు. తండ్రి వర్ణించిన ఆ తీరశోభ నశించిందని కుమారుడు ఎడ్మండ్ 1907లో బాధతో వ్రాశాడు.