గన్ ఏదైనా సరే... ఇంటికొచ్చాక ఎక్కడ పెడతారు?

మా పెద్దమ్మ కొడుకు డాలస్ దగ్గర గ్యాస్ స్టేషన్‌లో స్టోర్ నడుపుతాడు. రాత్రి పదకొండుకి క్యాష్ లెక్కపెట్టుకుని ఒక్కడే పార్కింగ్‌లోకి నడవాలి. పోయిన చలికాలం ఒకడొచ్చి పిస్టల్ చూపించి గల్లాపెట్టె ఖాళీ చేసుకుపోయాడు. అన్నయ్యకి దెబ్బ తగల్లేదు కానీ, ఆ రోజు నుంచి నిద్ర లేదు. "ఒరేయ్, నేనూ ఒకటి కొంటా. కాస్త రీసెర్చ్ చేసి పెట్టు" అన్నాడు.

మనది సాఫ్ట్‌వేర్ బుర్ర కదా, వెంటనే ఎక్సెల్ షీట్ తెరిచా. నేనున్నది హెచ్1బీ మీద. మాలాంటివాళ్లు తుపాకీ కొనడానికి, దగ్గర ఉంచుకోవడానికి అమెరికా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. అన్నయ్యకి గ్రీన్‌కార్డ్ ఉంది కాబట్టి తను కొనొచ్చు. షాపులో నేను దేన్నీ ముట్టుకోలేదు, చూశానంతే.

టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి, 21 ఏళ్లు నిండి, చట్టపరమైన అడ్డంకి లేనివాళ్లు లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ వెంట ఉంచుకోవచ్చు. అంతమాత్రాన అన్నిచోట్లకీ కుదరదు. స్కూళ్లు, బార్లలో నిషేధం. క్లాసు, షూటింగ్ టెస్ట్ పాసైతే ఇచ్చే లైసెన్స్ ఇప్పటికీ ఉంది. అన్నయ్య ముందు ఆ క్లాసుకే వెళ్లాడు.

ఇక నా షీట్. గ్లాక్ 19లో 15 గుళ్లు పడతాయి. పట్టు బాగుంటుంది కానీ, పల్చటి టీషర్ట్ కింద ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. సిగ్ పీ365 చిన్నది, దాదాపు అరకిలో బరువు, మామూలు మ్యాగజైన్‌లో 10 గుళ్లు. స్మిత్ అండ్ వెసన్ 642 రివాల్వర్‌లో అయిదే. షూటింగ్ రేంజ్‌లో అన్నయ్యకి అర్థమైంది ఒకటే: గన్ ఎంత చిన్నదైతే దాచడం అంత తేలిక, గురి అంత కష్టం. చేతిలో ఎగిరిపడుతుంది.

హోల్‌స్టర్ దగ్గర బేరాలొద్దని క్లాసులో గట్టిగా చెప్పారట. ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పాలి. ఊడిపడకుండా గట్టిగా పట్టుకోవాలి. అందుకే మెత్తటి గుడ్డ సంచీల కన్నా కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసినవి ఎక్కువమంది వాడతారు. నడుముకి బిగుతైన బెల్టు కూడా కావాలి. మామూలు బెల్టైతే బరువుకి ప్యాంటు జారుతుంది, చెయ్యి మాటిమాటికీ అక్కడికే పోతుంది.

"నడుముకి ఎందుకురా, ల్యాప్‌టాప్ బ్యాగులో పడేస్తే పోలా?" అన్నాడు అన్నయ్య.

వదిన ఏమీ అనలేదు. అదే సాయంత్రం అన్నయ్య స్టోర్ నుంచి రాగానే నాలుగేళ్ల పాప పరుగెత్తుకొచ్చి బ్యాగు జిప్ లాగింది. రోజూ అందులో చాక్లెట్ ఉంటుంది మరి! వదిన అన్నయ్య వైపు చూసి ఒక్కటే అడిగింది: "ఇంటికొచ్చాక అది ఎక్కడ పెడతారండీ?"

నా షీట్‌లో పద్నాలుగు కాలమ్స్ ఉన్నాయి. ఆ కాలమ్ లేదు.

బ్యాగు ఆలోచన అక్కడితో సరి. మేం మొదట కొన్నది గన్ కాదు, లాకర్. క్లోజెట్ గోడకి బోల్టులు వేసి బిగించాం. పదిహేడేళ్లలోపు పిల్లల చేతికి అందేలా లోడ్ చేసిన తుపాకీ వదిలేస్తే టెక్సస్‌లో నేరమే. చట్టం సంగతి అటుంచండి, ఆ జిప్ చప్పుడు నాకింకా వినిపిస్తోంది.

క్లాసు నుంచి అన్నయ్య ఇంకో మాట కూడా తెచ్చాడు. ఎదుటివాడు ముందే గన్ గురిపెడితే, నడుముకున్నది తీసేలోపే అంతా అయిపోతుంది. డబ్బిచ్చేయడమే మేలు. అంటే ఆ రాత్రి తన దగ్గర గన్ ఉన్నా చేసేది అదే! అందుకే ఇప్పుడు క్లోజింగ్‌కి ఇద్దరుంటున్నారు, గల్లాలో క్యాష్ తగ్గించారు.

లాకర్ మూడు వారాలు ఖాళీగా ఉంది. పాప వెళ్లి బటన్లు నొక్కేది, తెరుచుకోకపోతే విసుక్కుని వెళ్లిపోయేది. వదిన చూసి చూసి, చివరికి "సరే, తెచ్చుకోండి" అంది.

చాక్లెట్ మాత్రం ఇప్పుడు ఫ్రిజ్‌లో ఉంటోంది.