ఒక్క టన్ను తేడాలో పుట్టిన ఇంజిన్

అమెరికా మిల్లుల్లో, క్వారీల్లో ఏళ్ల తరబడి వ్యాగన్లు లాగిన చిన్న డీజిల్ షంటింగ్ ఇంజిన్లలో బాగా పేరు పడ్డది 44 టన్నుల ఇంజిన్. అంత బరువే ఎందుకంటే, కారణం ఇంజనీర్ల లెక్కల్లో దొరకదు. కార్మిక సంఘాల ఒప్పందంలో ఉంది.

చక్రాల మీద 90,000 పౌన్లు, అంతకు మించి బరువు పడే డీజిల్ ఇంజిన్‌లో డ్రైవరుతో పాటు, ఆవిరి ఇంజిన్లలో బొగ్గు వేసే ఫైర్‌మన్ కూడా ఉండాలని 1937లో రైల్వే కంపెనీలకూ సంఘాలకూ ఒప్పందం కుదిరింది. బొగ్గే లేని ఇంజిన్‌లో ఫైర్‌మన్ ఎందుకన్నది కంపెనీల వాదన. ఆవిరి ఇంజిన్లతో పాటే తమ బతుకుతెరువూ పోతుందన్నది కార్మికుల భయం. ఆ భయం న్యాయమైనదే.

జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ 1940లో 88,000 పౌన్ల ఇంజిన్‌ను తెచ్చింది. అమెరికా టన్ను 2,000 పౌన్లు కనుక అది 44 టన్నులు. ఫైర్‌మన్ గీతకు సరిగ్గా ఒక టన్ను ఇవతల! నడుమ డ్రైవరు గది, దానికి అటూ ఇటూ పొట్టి బానెట్లు, ఒక్కో దానికింద ఒక్కో డీజిల్ ఇంజిన్. వ్యాగన్లను ముందుకు నెట్టినా వెనక్కి లాగినా డ్రైవరుకు రెండువైపులా దారి కనిపిస్తుంది. ఒక ఇంజిన్ మొరాయిస్తే రెండోదానితో బండిని షెడ్డుకు చేర్చుకోవచ్చు.

ఆ ఒప్పందం రైల్వే కంపెనీలది. మిల్లు సొంత పట్టాల మీద లెక్క వేరు. ఆవిరి ఇంజిన్ కదలాలంటే గంటల ముందే నిప్పు రాజేయాలి, పని లేనప్పుడూ బాయిలర్‌ను కనిపెట్టుకుని ఉండాలి. రోజుకు నాలుగు వ్యాగన్లు జరిపే చోట అది తలకు మించిన ఖర్చు. కలప, కాగితం ఉన్నచోట నిప్పురవ్వల భయం సరేసరి. డీజిల్‌ను పని ఉన్నప్పుడు నడిపి, లేనప్పుడు ఆపేయొచ్చు.

ఇలాంటి చోట్లకే జనరల్ ఎలక్ట్రిక్ ఇంకా చిన్నది, నాలుగు చక్రాల 25 టన్నుల ఇంజిన్ కూడా చేసింది. దాని శక్తి సుమారు 150 హార్స్‌పవర్, అంటే నేటి మామూలు కారుకుండేంత. అది వందల టన్నులను ఎలా కదిలిస్తుంది? డీజిల్ ఇంజిన్ నేరుగా చక్రాలను తిప్పదు. జనరేటర్‌ను తిప్పుతుంది, ఆ కరెంటు మోటారుకు వెళుతుంది. డీజిల్ ఇంజిన్ నిలిచిన చోటినుంచి బరువు ఎత్తుకోలేదు. డీసీ మోటారు బలమంతా అక్కడే. పొడి పట్టా మీద ఇంజిన్ తన బరువులో దాదాపు పావు వంతు బలంతో లాగగలదు, అంటే ఇక్కడ ఆరు టన్నులు. చదును దారిలో ఇనుప చక్రం కదలడానికి టన్నుకు కొన్ని కిలోల లాగుడు చాలు. అంత బరువు లాగేటప్పుడు వేగం మనిషి నడకంతే ఉంటుంది. క్రషర్ కింద వ్యాగన్లను ఒక్కొక్కటిగా జరపడానికి అంతకన్నా అక్కర్లేదు.

1948లో ట్రాక్‌మొబైల్ వచ్చింది. రోడ్డు మీదా పట్టాల మీదా నడిచే ఆ బండి చాలా మిల్లుల్లో ఈ ఇంజిన్ల పని తీసుకుంది. 44 టన్నుల ఇంజిన్ తయారీ 1956లో ఆగింది. ఫైర్‌మన్ల వివాదాన్ని 1963లో అమెరికన్ కాంగ్రెస్ చట్టం చేసి మధ్యవర్తుల బోర్డుకు అప్పగించింది. సరుకు రైళ్లలో, యార్డుల్లో తొంభై శాతం ఫైర్‌మన్ ఉద్యోగాలు అక్కర్లేదని ఆ బోర్డు తీర్పిచ్చింది.

అమెరికాలోని రైలు మ్యూజియంలలో ఈ ఇంజిన్లు ఇంకా ఉన్నాయి. అక్కడున్న మన పాఠకులు వెళ్లినప్పుడు, భారీ ఆవిరి ఇంజిన్ల దగ్గరే ఆగిపోకుండా పిల్లలకు వీటినీ చూపించండి.