12.6 వోల్టుల మాయ

బోధన్ నుంచి ఒక పాఠకుడు రాశారు: "బ్యాటరీ కొత్తది. మీటరు పెడితే ఇంజను దగ్గర కూడా 12.6 వోల్టులు చూపిస్తోంది. సెల్ఫ్ కొడితే మాత్రం టక్ టక్‌మని ఆగిపోతోంది. స్కానరు పెడితే అరడజను కోడ్‌లు. సెన్సర్లు మార్చాలంటున్నారు. మీటరును నమ్మాలా, స్కానరునా?"



ముందు రెండు మాటల్లో కారు కరెంటు. బ్యాటరీ ప్లస్ నుంచి వైర్ల మీద పోయిన కరెంటు, తిరిగి రావడానికి కారు ఇనుప బాడీనే వాడుకుంటుంది. అదే బాడీ ఎర్త్. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కనుక దానికీ బాడీకీ మధ్య ఒక రాగి పట్టీ బిగిస్తారు. లోపలి కంప్యూటర్లు పురి తిప్పిన రెండు వైర్ల మీద మాట్లాడుకుంటాయి. క్యాన్ అనే ఆ పద్ధతిని బాష్ కంపెనీ 1986లో బయటపెట్టింది. ఇక అసలు సంగతికి వస్తాను.

ఎర్త్ పట్టీ బోల్టు కింద చిలుము పట్టి, అక్కడ 0.02 ఓముల నిరోధం చేరిందనుకోండి. ఓములో యాభయ్యో వంతు! కానీ స్టార్టరు మోటారు 150 ఆంపియర్లు లాగబోతే, గుణించండి, 3 వోల్టులు ఆ బోల్టు కిందే వేడిగా ఖర్చయిపోతాయి. అంత లాగితే బ్యాటరీ కూడా కొంత దిగుతుంది. స్టార్టరుకు మిగిలేది ఎనిమిది చిల్లర. అందుకే టక్ టక్.

మరి మీటరుకు ఇది ఎందుకు కనబడలేదు? దాని లోపలి నిరోధం సుమారు కోటి ఓములు. అంటే అది లాక్కునే కరెంటు ఆంపియరులో పది లక్షల వంతుకు కాస్త ఎక్కువ. ఆ బోల్టు దగ్గర ఏకంగా వెయ్యి ఓములున్నా, అంత సన్నటి కరెంటుకు అక్కడ తగ్గేది వోల్టులో వెయ్యో వంతు. మీటరు తెర మీద 12.6 చెక్కుచెదరదు. నిజాంసాగర్ కాలువలో తూములన్నీ మూసేస్తే మధ్యలో ఎంత పూడిక ఉన్నా నీటిమట్టం అటూ ఇటూ ఒక్కటే. తూములెత్తి నీళ్ళు పారినప్పుడే పూడిక పైన ఎక్కువ, కింద తక్కువ.

పోనీ ఓముల్లోనే కొలుద్దామా? మామూలు మీటరు వైర్లకే 0.1, 0.2 ఓములుంటాయి. 0.02 ఎక్కడ తేలుతుంది?

కాబట్టి కరెంటు పారుతుండగా, ఒకే వైరు రెండు కొసల మధ్య వోల్టులు కొలవాలి. మీటరు ఒక పుల్ల బ్యాటరీ మైనస్ సీసపు మొన మీద (క్లాంపు మీద కాదు), రెండోది ఇంజను లోహం మీద. ఒకరు సెల్ఫ్ కొట్టాలి. 0.2 వోల్టులు దాటకపోతే ఆ దారి బాగున్నట్టే. అర వోల్టు, ఒక వోల్టు చూపిస్తే దొంగ అక్కడే ఉన్నాడు. ఇక మొనకూ క్లాంపుకూ మధ్య, క్లాంపుకూ బాడీకీ మధ్య, బాడీకీ ఇంజనుకూ మధ్య విడివిడిగా చూస్తూ పోవాలి. మీటరు ఎక్కడ ఎగిరితే అక్కడ విప్పి, గీకి, బిగించాలి. తర్వాత ప్లస్ వైపూ ఇదే వరస. ఇంత అందమైన పరీక్ష నాకు ఇంకొకటి తెలియదు.

తీగలో ఎక్కడ ఎంత పోతోందన్నది ఆషామాషీ సంగతి కాదు, పెద్దవాళ్ళే ఆ లెక్క దగ్గర బోల్తా పడ్డారు. 1825లో ఇంగ్లండు గణితవేత్త పీటర్ బార్లో తీగ పొడవు పెంచుతూ పోయాడు. రెండు వందల అడుగులకే ప్రభావం బాగా తగ్గిపోవడం చూసి, విద్యుత్తుతో దూరాలకు వార్తలు పంపడం కుదరదని తేల్చేశాడు. నష్టం ఆయనకు కనబడింది. ఏ ముక్కలో ఎంత పోతోందన్న లెక్క దొరకలేదు. ఆ లెక్క 1827లో జర్మనీలో గియోర్గ్ ఓమ్ పుస్తకంగా వేశాడు: దారిలో ప్రతి ముక్కా తన నిరోధానికి తగ్గట్టు వోల్టులు పంచుకుంటుంది. సొంత దేశంలో చాలామంది పెదవి విరిచారు. లండన్ రాయల్ సొసైటీ కాప్లీ పతకం ఇచ్చేసరికి 1841. ఈలోగా, 1831లో, అమెరికాలో జోసెఫ్ హెన్రీ మైలు దాటిన తీగ చివర గంట మోగించి బార్లో మాట తప్పని చూపించాడు. బానెట్ కింద మనం చేసే పరీక్ష ఓమ్ లెక్కే, మరేం కాదు.

ఇక ఆ అరడజను కోడ్‌లు. సెల్ఫ్ కొట్టిన క్షణాన వోల్టులు కుప్పకూలితే కంప్యూటర్లలో కొన్ని పడిపోయి లేస్తాయి. మిగతావి "ఫలానాది పలకడం లేదు" అని రాసిపెట్టుకుంటాయి. ఇంజను కంప్యూటరు మూగబోతే వచ్చే యు0100 అలాంటిదే. ఎర్త్ అర వోల్టు పైకి లేస్తే, అదే ఎర్త్‌ను ఆధారం చేసుకున్న సెన్సర్ల లెక్కలూ తప్పుతాయి. వేడెక్కిన ఇంజనును చల్లగా ఉందనుకొని కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పోయిస్తుంది. స్కానరు ఫిర్యాదు చేసినవాడి పేరు చెబుతుంది. నేరస్తుడి పేరు కాదు. సెన్సర్లు మార్చవద్దు, ఇంకా డబ్బులిచ్చి ఉండకపోతే.

పాత మేస్త్రీల టెస్టు బల్బును నవ్వులాటగా తీసేయకండి. 21 వాట్ల బల్బు సుమారు 1.75 ఆంపియర్లు లాగుతుంది కనుక, మీటరుకు దొరకని ఎర్త్ లోపం లైట్ల దగ్గర, ఫ్యాన్ల దగ్గర దానికి దొరుకుతుంది. స్టార్టరు దారికి మాత్రం ఆ బరువు చాలదు. కంప్యూటరు నుంచి వచ్చే సన్నటి వైర్ల మీద పెడితే లోపలి ట్రాన్సిస్టరు కాలిపోవచ్చు. పసుపు తొడుగున్న ఎయిర్‌బ్యాగ్ వైర్ల జోలికి దాన్ని అసలు తీసుకెళ్ళకూడదు. ఆ కరెంటుకు ఎయిర్‌బ్యాగ్ పేలగలదు.

ఇలాంటి నిరోధం బోల్టు కిందే కాదు, అతికిన వైర్లలోనూ చేరుతుంది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది, చెరకు పోయి చాలాచోట్ల వరి వచ్చింది, ఎలుకలు మాత్రం ఎక్కడికీ పోలేదు. కోతలయ్యాక వెచ్చటి బానెట్ కింద చేరి వైర్లు కొరుకుతాయి. కొరికిన చోట చాలామంది రెండు కొసలూ మెలిపెట్టి నల్ల టేపు చుట్టేసి పంపిస్తారు. ఒక వానాకాలానికి ఆ టేపు కిందే చిలుము పట్టి మళ్ళీ 0.02 ఓముల కథ మొదలవుతుంది. క్రింపు గొట్టం పెట్టి నొక్కి, పైన వేడికి ముడుచుకునే జిగురు తొడుగు వేయమని అడగండి. క్యాన్ వైర్లయితే పురి విప్పకుండా అతకమనండి. కాస్త ఎక్కువ డబ్బు అడుగుతారు, ఇచ్చేయండి.