రీస్టార్ట్ కొట్టే ముందు ఒక్క నిమిషం

రాత్రి తొమ్మిదిన్నర. పోచంపల్లిలో మా ఇల్లు. ముందు గదిలో నాయిన మగ్గం, వెనక గదిలో నా ల్యాప్‌టాప్. ఆఫీసు నుంచి ఫోన్: "సైట్ మళ్లీ ఆగిపోయింది." వరుసగా నాలుగో రోజు. కంపెనీ పేరెందుకు గానీ, ఆన్‌లైన్‌లో బట్టలు అమ్మే సైట్ అది. పేమెంట్ పేజీలో చక్రం తిరుగుతూనే ఉంటుంది. జనం విసిగి వెళ్లిపోతారు.

మూడు రోజులూ నేను చేసింది ఒకటే, రీస్టార్ట్. రెండు నిమిషాల్లో అంతా మామూలే. మర్నాడు మళ్లీ అదే కథ.

నాయిన ఊరుకోలేదు. "పోగు తెగితే మగ్గం ఆపి యాడ తెగిందో సూస్తం గదరా. నువ్వేందిరా, ఊకె బంద్ జేసి సాలు జేస్తున్నవ్?"

కోపం వచ్చింది, నిజం కాబట్టి. రీస్టార్ట్ చేస్తే సైట్ లేస్తుంది. ఎందుకు పడిందో చెప్పే సాక్ష్యం మాత్రం మెమరీతో పాటే పోతుంది. ఆ సాక్ష్యాన్ని ఫైల్‌గా దాచుకోవడమే డంప్.

మాది విండోస్ సర్వర్, ఐఐఎస్. సైట్‌ను నడిపే ప్రాసెస్ పేరు డబ్ల్యూ3డబ్ల్యూపీ. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ప్రాక్‌డంప్‌తో దాని డంప్ తీయొచ్చు. మైనస్ ఎంఏ అంటే మొత్తం మెమరీ. మైనస్ ఎస్ 10, మైనస్ ఎన్ 3 అంటే పది సెకన్ల తేడాతో మూడు డంప్‌లు. మూడెందుకంటారా? ఒక్క ఫొటో చూసి మనిషి నడుస్తున్నాడో, నిలబడ్డాడో చెప్పలేం కదా. సైట్ ఆగడం కాదు, ప్రాసెసే క్రాష్ అవుతుంటే మైనస్ ఈ పెట్టి ముందే కాపలా ఉంచాలి. పడిపోయాక తీయడానికి ఏమీ మిగలదు.

మొదటి ప్రయత్నం బెడిసికొట్టింది. డంప్ రాస్తున్నంతసేపూ ప్రాసెస్ ఆగి ఉంటుంది. ఐఐఎస్ దాన్ని మధ్యమధ్య పలకరిస్తుంటుంది. మామూలు సెట్టింగ్‌లో 90 సెకన్లలోపు జవాబు రాకపోతే చచ్చిందనుకుని తీసేసి కొత్తది పెడుతుంది. మా డిస్క్ నెమ్మది. సగం ఫైలే మిగిలింది. మరుసటి రాత్రి ఆ పింగ్ ఆపి తీశా.

విండీబీజీలో తెరిచా. మూడు డంప్‌లలోనూ దాదాపు అన్ని థ్రెడ్లూ ఒకే లాక్ దగ్గర క్యూ కట్టాయి. ఆ లాక్ పట్టుకున్న థ్రెడ్ బయటి ఎస్సెమ్మెస్ సర్వీస్ జవాబు కోసం ఎదురుచూస్తోంది. టైమౌట్ లేదు. ఆ కోడ్ రాసింది నేనే.

అయిదు సెకన్ల టైమౌట్ పెట్టి, ఆ కాల్‌ను లాక్ బయటికి తెచ్చా. అంతే.

భయపెట్టింది ఇంకొకటి. అదే ఫైల్‌లో వెతికితే కస్టమర్ల ఫోన్ నంబర్లు, అడ్రసులు చదవగలిగేలా కనిపించాయి. ఆ ఫైల్‌ను టీమ్ గ్రూప్‌లో పెట్టబోయా! మెమరీలో ఉన్నదంతా డంప్‌లోకి వస్తుంది మరి. తాళం వేసి ఉంచాలి, పనయ్యాక డిలీట్ చేయాలి.

లినక్స్‌లో దీన్నే కోర్ డంప్ అంటారు. 1950లు, 60ల కంప్యూటర్లలో మెమరీ అంటే చిన్న చిన్న ఫెరైట్ రింగుల్లోంచి అడ్డంగా, నిలువుగా తీసిన సన్నని తీగలు. చాలావరకు చేత్తో గుచ్చినవే. ఆ పేరే ఇప్పటికీ నిలిచిపోయింది.

దాని ఫొటో నాయినకు ఫోన్‌లో చూపించా. జూమ్ చేసి కాసేపు చూశాడు. "ఇది పడుగు, ఇది పేక. మస్తు సన్నగున్నయ్ పోగులు. ఎవలు నేసిన్రు?" అని అడిగాడు.